మా రోడ్డు మీద కాలిబాట

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా ఊరి సిటీ హాల్ నుంచి నాకో ఈమెయిల్ వస్తుంది. నాకొక్కదానికే కాదు, ఊళ్లో అందరికీ వస్తుంది. రాలిన ఆకులు ఏ వీధిలో ఎప్పుడు ఎత్తుతారు, దోమల మందు ఎక్కడ కొట్టారు, ఫ్లూ టీకాలు ఎక్కడ వేస్తారు, ఏ ఖాళీ స్థలంలో ఎవరు ఏం కట్టాలనుకుంటున్నారు, ఇలాంటివన్నీ ఉంటాయి. మా ఆయన ఉన్న రోజుల్లో మేమిద్దరం దాన్ని తెరిచిన పాపాన పోలేదు. ఆయన పోయాక మాత్రం పై నుంచి కింద దాకా చదవడం అలవాటైంది. అక్షరాలు పెద్దవి చేసుకుని, టీ కప్పు పక్కన పెట్టుకుని, తొందర లేకుండా చదువుతాను. వారం తప్పకుండా నన్ను పలకరించేది అదొక్కటే.

మాది డెట్రాయిట్ పక్క ఊరు. ఇద్దరం బాపట్ల వైపు నుంచి వచ్చినవాళ్లం. ఆయన కార్ల కంపెనీలో ఇంజిన్ల మనిషి. నేను కార్లకు రంగులు చేసే ఒక కంపెనీ ల్యాబ్‌లో కెమిస్ట్‌ని. ఎండకీ, మంచు మీద చల్లే ఉప్పుకీ కారు రంగు ఎన్నాళ్లు తట్టుకుంటుందో చూడటం నా పని. పిల్లలు లేరు. వారమంతా ఆఫీసు, శనివారం గ్రాసరీ, ఆదివారం మధ్యాహ్నం తెలుగు చర్చి. ఎక్కడికి వెళ్లినా కారే. ఇంట్లోంచి గరాజ్‌లోకి, గరాజ్‌లోంచి కార్లోకి, కార్లోంచి ఇంకో తలుపులోకి. అన్నేళ్లు ఉండి కూడా మా వీధి నేల మీద నడిచింది బహు తక్కువ.

రిటైరయ్యాక, ఆయన పోయిన మరుసటి ఏడు, నా కళ్లు మొరాయించాయి. గ్లకోమా, మన వైపు నీటికాసులంటారు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు, గొట్టంలోంచి చూసినట్టు. కంటి డాక్టరు చిన్నపిల్ల, కంప్యూటర్‌లో నా రిపోర్టు తిప్పి చూపించి, "ఇక మీరు డ్రైవ్ చేయకూడదు" అంది. నేను వాదించలేదు. రేపు ఏ పిల్లాడో పక్కనుంచి సైకిల్ మీద వస్తే నాకు తెలియదు కదా. కారు అమ్మేశాను. కొనుక్కున్నవాళ్లు దాన్ని వెనక్కి తీసి వీధి మలుపు తిరిగే దాకా చూసి, గరాజ్ తలుపు మూసి లోపలికొచ్చాను. ఆ తర్వాత ఆ తలుపు తెరవాల్సిన పని పెద్దగా పడలేదు.

మా ఇళ్ల కాలనీ, ఇక్కడ సబ్‌డివిజన్ అంటారు, అది దాటగానే మెయిన్ రోడ్డు. దాని మీద నడిస్తే పావుగంటలో మందుల షాపు, దాని పక్కనే లైబ్రరీ, చిన్న కూరగాయల కొట్టు. పావుగంటే గానీ నడవడానికి చోటు లేదు. రోడ్డు పక్కన జానెడు కంకర, ఆ పక్కన మురుగు పోయే గుంట. కార్లు ఆగకుండా పోతుంటాయి. అయినా ఒకరోజు పంతానికి బయల్దేరాను. కంకర మీద జాగ్రత్తగానే నడుస్తున్నాను. వెనక నుంచి ఒక పెద్ద ట్రక్కు నన్ను రాసుకుంటూ పోయింది. అది వచ్చేది నాకు కనబడలేదు, గాలి మాత్రం తగిలింది. ఆ గాలికి తడబడి గుంటలోకి దిగిపోయాను. బూట్ల నిండా నీళ్లు. అలాగే నిలబడి ఉంటే పోలీసు కారు ఒకటి వచ్చి ఆగింది.

"మేడమ్, మీ కారు ఎక్కడ ఆగిపోయింది?" అని అడిగాడు ఆ పోలీసు.

"నాకు కారు లేదు. మందుల షాపుకి నడిచి వెళ్తున్నాను" అన్నాను.

అతను రోడ్డు వైపు చూశాడు, నా బూట్ల వైపు చూశాడు. మళ్లీ అడిగాడు, ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేయమంటారా అని. ఎవరూ లేరన్నాను. మర్యాదగానే వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటి దగ్గర దింపాడు. వెనక తలుపు లోపల్నుంచి తెరుచుకోదని అప్పుడే తెలిసింది. అతనొచ్చి తీసేదాకా కూర్చున్నాను.

నేను దిగడం పక్కింటి అమ్మాయి చూసింది. పరుగెత్తుకుంటూ వచ్చింది. వాళ్లది మా సబ్‌డివిజన్‌కి మొదటి ఇల్లు, ఒక పక్క మా ఇల్లు, ఇంకో పక్క మెయిన్ రోడ్డు. వాళ్లది వరంగల్. మొగుడికి ఐటీ ఉద్యోగం, ఆ అమ్మాయిది కూడా అదే, ఇంటి నుంచే చేసుకుంటుంది. ఇద్దరు పిల్లలు.

"ఏమైంది ఆంటీ? పోలీసోళ్లెందుకు తీస్కొచ్చిన్రు?"

చెప్పాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరెందుకు నడవాలె ఆంటీ? ఒక్క ఫోన్ చేస్తే రానా నేను?"

అన్నట్టే వచ్చింది కూడా. గ్రాసరీకి, కంటి డాక్టరు దగ్గరికి, మందులకి, అన్నిటికీ తనే. చర్చికి మాత్రం చర్చివాళ్లే ఎవరో ఒకరు దారిలో ఎక్కించుకునేవారు. ఎవరూ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నేనే వాళ్ల వీలు చూసుకుని అడగడం నేర్చుకున్నాను. పొద్దున అడిగితే పిల్లల స్కూలు, మధ్యాహ్నం అడిగితే మీటింగులు. మందులు అయిపోతున్నాయని రెండు రోజుల ముందు నుంచే ఆ మాట ఎప్పుడు ఎత్తాలా అని ఆలోచించేదాన్ని. ఒకసారి మందుల షాపులో గ్రీటింగ్ కార్డుల దగ్గర నిలబడిపోయాను. ఎవరికో పంపాలని కాదు. ఊరికే ఒక్కొక్కటీ తెరిచి చదువుతుంటే పొద్దు తెలియలేదు. బయటికొచ్చేసరికి ఆ పిల్ల స్టీరింగ్ మీద తల ఆనించుకుని కూర్చుని ఉంది.

"ఆలస్యం చేశానా అమ్మా?"

"అయ్యో ఏం లేదాంటీ. మీటింగ్ ఉండె, ఫోన్ల నుంచే జాయిన్ అయిన."

ఆ తర్వాత షాపులో ఏదీ చూడటం మానేశాను. కావాల్సింది తీసుకోవడం, వచ్చేయడం. లైబ్రరీ పేరు అసలు ఎత్తలేదు. పుస్తకాల మధ్య తిరగడానికి ఒకరిని కార్లో కూర్చోబెట్టి ఎలా వెళ్తాను?

ఆ ఏడాది శుక్రవారం ఈమెయిల్‌లో ఫ్లూ టీకాల సంగతి వచ్చింది. పెద్దవాళ్లకు లైబ్రరీ హాల్లో వేస్తారట. ఆ రోజుల్లో పక్కింటివాళ్లు ఇండియా వెళ్లి ఉన్నారు. చర్చివాళ్లను ఆదివారం కాని రోజున అడగడానికి మొహమాటపడ్డాను. చూద్దాంలే అనుకున్నాను. చలికాలంలో ఫ్లూ వచ్చింది. మంచం మీద నుంచి బాత్‌రూమ్ దాకా గోడ పట్టుకుని నడిచిన రోజులవి. చర్చివాళ్లు సూపు, మెత్తటి అన్నం డబ్బాల్లో తెచ్చి గుమ్మం బయట పెట్టి వెళ్లేవారు. అంటుకుంటుంది, లోపలికి రావద్దని నేనే చెప్పాను. వాళ్లు కిటికీలోంచి చెయ్యి ఊపితే నేనూ ఊపేదాన్ని. జ్వరంలో ఒకసారి మా ఆయన్ని మంచినీళ్లు అడిగాను. అడిగాక గుర్తొచ్చి, లేచి నేనే తెచ్చుకున్నాను.

వసంతం వచ్చాక ఒక శుక్రవారం, నీళ్ల పైపులు కడగడం గురించిన కబురు కింద ఇంకో కబురు ఉంది. మా మెయిన్ రోడ్డుకి ఉత్తరం పక్కన, మా సబ్‌డివిజన్ దగ్గర్నుంచి లైబ్రరీ దాకా కాలిబాట వేయాలని ఆలోచిస్తున్నారట. ప్లానింగ్ కమిషన్ ముందు పబ్లిక్ హియరింగ్ ఉంది, ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. రెండుసార్లు చదివాను. లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. ఎవరికైనా చెప్పాలనిపించింది గానీ, ఒక సిమెంటు బాట గురించి ఫోన్ చేసి ఎవరికి చెప్తాను?

మర్నాడే పక్కింటి అమ్మాయి వచ్చింది, చేతిలో ఫోన్‌తో.

"ఆంటీ, సైడ్‌వాక్ అంట, చూసిన్రా? మా సైడ్ యార్డ్‌ల నుంచే పోతదంట. మేపుల్ చెట్లు మూడూ కొట్టేస్తరు. పిల్లలు ఆడుకునే జాగా అది. రోడ్డు మీద పోయేటోళ్లందరూ మా కిచెన్‌లకి తొంగిచూస్తరు. మన సబ్‌డివిజన్ తెలుగోళ్లం అందరం కలిసి అబ్జెక్ట్ చేస్తున్నం. మీ పేరు కూడా కలుపుతున్నా, సరేనా?"

ఆ చెట్లు నాకు బాగా తెలుసు. ఆకురాలు కాలంలో వాళ్ల ఇంటి కప్పు మీదుగా మా వంటింటి కిటికీ నిండా అవే ఎర్రగా కనిపించేవి. ఆ పిల్ల పెద్దకొడుకు మొదటిసారి చెట్టెక్కి దిగలేక ఏడ్చింది కూడా అక్కడే.

"కూర్చో అమ్మా" అన్నాను. కూర్చుంది. "నా పేరు కలపొద్దు. నాకు ఆ బాట కావాలి. హియరింగ్‌కి వెళ్లి ఆ మాటే చెప్పాలనుకుంటున్నాను."

ఆ పిల్ల ఫోన్ పక్కన పెట్టింది. "నేనేమన్నా తక్కువ చేసిన్నా ఆంటీ?"

"లేదమ్మా. నీ అంత ఎవరూ చేయలేదు."

"మరెందుకు?"

"నాకు నడవాలని ఉంది" అన్నాను. ఆ పిల్ల లేచి, పోసిచ్చిన టీ ముట్టుకోకుండా వెళ్లిపోయింది.

హియరింగ్ రోజు సాయంత్రం చీర కట్టుకుని, కోటు వేసుకుని, ఎలా వెళ్లాలో తెలియక హాల్లో కూర్చున్నాను. చర్చివాళ్లలో ఒకాయన వస్తానని చెప్పి, మధ్యాహ్నం మనవరాలికి ఒంట్లో బాగాలేదని మానుకున్నాడు. ముసలివాళ్ల కోసం సిటీవాళ్లు నడిపే వ్యాన్‌కి వారం ముందే చెప్పాలి. టాక్సీకి ఫోన్ చేద్దామని లేస్తుంటే తలుపు కొట్టారు. పక్కింటబ్బాయి, ఆ అమ్మాయి మొగుడు.

"ఆంటీ, రెడీయేనా? టైమ్ అయితుంది."

"నేను అక్కడ ఏం మాట్లాడబోతున్నానో నీకు తెలుసా బాబూ?"

"తెలుసాంటీ. చెప్పింది." జేబులోంచి కారు తాళాలు తీస్తూ, "కానీ మీరు ఇంకెట్ల వస్తరు?" అన్నాడు.

వెనక సీట్లో కూర్చున్నాను. ముందు సీట్లో ఆ అమ్మాయి వెనక్కి తిరగలేదు. నేను పలకరిస్తే "ఊఁ" అంది.

సిటీ హాల్లో నేను అనుకున్నదానికంటే జనం ఎక్కువ ఉన్నారు. మా సబ్‌డివిజన్ తెలుగువాళ్లు ఒక పక్క కూర్చున్నారు. వాళ్ల పిల్లలందరికీ నేను ఆంటీనే. కొందరు లేచి నమస్తే చెప్పారు, కొందరు ఫోన్లలోకి చూసుకున్నారు. ఎదురుగా ఎత్తు మీద కమిషన్ వాళ్లు, మధ్యలో ఛైర్‌పర్సన్, తెల్ల జుట్టు ఆవిడ. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు.

పక్కింటి అమ్మాయి బాగా మాట్లాడింది. ఇల్లు కొన్నప్పుడు చెట్లు చూసే కొన్నామని చెప్పింది. పిల్లల సంగతి చెప్పింది. మంచు పడితే ఆ బాట మీద మంచు ఎత్తాల్సింది కూడా తామేనని చెప్పింది. ఏ మాటా అబద్ధం కాదు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ చేతులు లేచాయి, మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాను.

నా వంతు వచ్చింది. ఎలా మొదలుపెట్టాలో ఇంటి దగ్గర చాలా అనుకున్నాను గానీ మైకు ముందు నిలబడేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. నడిచి వెళ్తుంటే పోలీసు వచ్చి, కారు ఎక్కడ పాడైందని అడిగిన సంగతి చెప్పాను. హాల్లో కొంతమంది నవ్వారు. ఫ్లూ టీకా పావుగంట దూరంలో వేస్తుంటే వెళ్లలేకపోయానని చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"మా పక్కింటివాళ్లు నన్ను ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్తారు" అన్నాను. "ఇప్పుడు కూడా వాళ్ల కార్లోనే వచ్చాను. నేను వాళ్లకు వ్యతిరేకంగా మాట్లాడతానని తెలిసీ తీసుకొచ్చారు. వాళ్లు లేకపోతే నేను ఈ ఊళ్లో ఉండలేకపోయేదాన్ని. కానీ ఏదో ఒక రోజు ఎవరినీ అడక్కుండా ఒక చోటికి వెళ్లాలని ఉంది నాకు. అంతే."

టైమ్ ఇంకా మిగిలి ఉంది. ఇంకేమైనా చెప్తారా అని ఛైర్‌పర్సన్ అడిగింది. లేదన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో ఆ అబ్బాయి, "బాగా మాట్లాడిన్రు ఆంటీ" అన్నాడు. ఆ అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. ఇంటి ముందు దిగాక థాంక్స్ అన్నాను. ఇద్దరిలో ఎవరన్నారో తెలియదు, "మెట్లు చూస్కోండి" అన్న మాట వినిపించింది.

కొన్ని వారాలకి కబురు వచ్చింది. బాట వేయడానికి ఒప్పుకున్నారు. గడ్డి మీద నారింజ రంగు గీతలు పడ్డాయి, మేకులు పాతారు. ఎండాకాలంలో ఒక పొద్దున రంపం చప్పుడుకి లేచాను. వంటింటి కిటికీలోంచి చూస్తే మొదటి చెట్టు అప్పటికే సగం లేదు. ఆ అమ్మాయి గరాజ్ ముందు డ్రైవ్‌వేలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. వెళ్లాను. ఇంట్లో కూర్చోలేకపోయాను.

నన్ను చూసి, "ఇప్పుడు కాదాంటీ" అంది. కోపంగా అనలేదు. వెనక్కి వచ్చేశాను.

ఆ తర్వాత కూడా ఆ పిల్ల నన్ను వదిలేయలేదు. గ్రాసరీకి పోతుంటే మెసేజ్ పెట్టేది, ఏమన్నా కావాలా అని. పాలు, అరటిపళ్లు అని రాసేదాన్ని. సంచీ గుమ్మం దగ్గర పెట్టి బెల్ కొట్టేది. నేను తలుపు దాకా వచ్చేసరికి వాళ్ల ఇంటి తలుపు మూసుకుంటూ ఉండేది. తిడితే బాగుండును అనిపించేది. సబ్‌డివిజన్‌లో మిగతావాళ్లు దసరాకి పిలవలేదు. అంతకుముందు ఏడాది బొమ్మల కొలువులన్నిటికీ పిలిచారు, చర్చికి వెళ్లేదాన్నయినా.

ఆకులు రాలే రోజుల్లో బాట పూర్తయింది. తెల్లగా, సాఫీగా, మంచి వెడల్పుతో వేశారు. మొదటిసారి నడిచి వెళ్లి లైబ్రరీ హాల్లో ఫ్లూ టీకా వేయించుకున్నాను. టీకా వేసిన నర్సు, ఎవరు తీసుకొచ్చారని అడిగింది. నేనే వచ్చానన్నాను. "గుడ్ ఫర్ యూ" అంది, ఇంకొకరిని పిలిచింది.

ఆ రోజు లైబ్రరీలో సాయంత్రం దాకా ఉండిపోయాను. పుస్తకాలు తీశాను, పెట్టాను, చేపల తొట్టి ముందు కూర్చున్నాను. బయట నా కోసం కార్లో ఎవరూ కూర్చుని లేరన్న నిశ్చింత ఎంత బాగుందో చెప్పలేను. కాసేపయ్యాక అదే మాట ఇంకోలా వినిపించింది. బయట నా కోసం ఎవరూ లేరు. లేచి కోటు వేసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆ బాట మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా నేను తప్ప మనిషి లేడు. కార్లు పోతూనే ఉన్నాయి. అద్దాల వెనక మొహాలు ఒక్క క్షణం నావైపు తిరిగి పోయేవి. అంత పోట్లాడి తెచ్చుకున్నాను కాబట్టి, కాళ్లు నొప్పెట్టినా, వాన తుంపర పడుతున్నా, రోజూ వెళ్లేదాన్ని.

మంచు పడ్డాక ఒక పొద్దున మందుల కోసం బయల్దేరాను. పక్కింటివాళ్ల స్థలం పొడవునా బాట మీద మంచు ఎత్తలేదు. మడమ పైదాకా ఉంది. సిటీ హాల్‌కి ఫోన్ చేస్తే వాళ్లకి నోటీసు వస్తుందని తెలుసు. ఆ పని చేయలేను. వెనక్కి తిరుగుతుంటే వాళ్ల గరాజ్ తలుపు లేచింది. ఆ అమ్మాయి పార పట్టుకుని బయటికొచ్చింది.

"ఆయన ఊళ్లో లేడాంటీ. నేను మర్చేపోయిన. ఒక్క నిమిషం ఆగండి."

ఆగాను. నేను సాయం చేస్తానంటే ఒప్పుకోలేదు. సగం దాకా ఎత్తి, పార అక్కడే మంచులో గుచ్చి, ఆయాసపడుతూ, "నేను కూడా వస్తా, జారితే కష్టం" అంది. నా మోచెయ్యి పట్టుకుంది. నాకు కనిపించని పక్కకి తనే వచ్చి నడిచింది.

చాలా దూరం పోయాక నేనే అన్నాను. "ఆ చెట్లు నాకూ గుర్తొస్తాయమ్మా."

"ఊఁ." బాట మీది మంచుగడ్డను కాలితో పక్కకి నెట్టింది. "నాకు చెట్ల గురించి గాదాంటీ అంత బాధ. అందరి ముంగట ఎవరినీ అడక్కుండ పోవాలని ఉంది అన్నరు కదా. నన్ను అడగడం మీకు అంత కష్టమైందా అనిపించింది. నేను మిమ్మల్ని పరాయిగా ఎన్నడు అనుకోలే."

"నువ్వు కష్టపెట్టలేదమ్మా. అడగడమే కష్టం. నీకూ ఒక రోజు..." అని ఆపేశాను. ఆ వయసు పిల్లకి ఆ మాట చెప్పాలనిపించలేదు.

ఆ పిల్లకి అర్థమైందో లేదో తెలియదు. "చలి బాగుంది, స్కార్ఫ్ కప్పుకోండి" అని తనే నా మెడ చుట్టూ సర్దింది. మందులు తీసుకుని, షాపులో చెరో కాఫీ తాగి వచ్చాం. ఆ రోజు కార్డుల దగ్గర తనే ఆగి, పిల్లలకి చూపించాలని ఏవో తెరిచి చూసింది. నేను పక్కన నిలబడ్డాను.

మళ్లీ ఎప్పుడూ కలిసి నడవలేదు. తనకి ఉద్యోగం, పిల్లలు, ఎక్కడ వీలవుతుంది? కానీ బెల్ కొట్టాక నేను తలుపు తీసే దాకా ఉండేది. ఒక్కోసారి లోపలికొచ్చి టీ తాగేది.

తర్వాతి ఎండాకాలం ఆ అబ్బాయికి కాలిఫోర్నియాలో ఉద్యోగం వచ్చింది. డబ్లిన్ అనే ఊరట, అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారని చెప్పారు. ట్రక్కు వచ్చి సామాన్లు ఎక్కిస్తుంటే నేను వాళ్ల పిల్లలిద్దరికీ మా వంటింట్లో దోసెలు పోసి పెట్టాను. వెళ్లే ముందు ఆ అమ్మాయి గట్టిగా వాటేసుకుంది. "ఆంటీ, కంటి డాక్టరు దగ్గరికి ఎవరు తీస్కపోతరు మిమ్మల్ని?" అంది. అది నడిచే దూరం కాదు. చర్చివాళ్లు ఉన్నారులే అన్నాను. "అడగండి మరి, అడక్కుండ ఉండకండి" అంది. సరేనన్నాను.

ఆ ఇంట్లోకి ఒహాయో నుంచి ఒక కుర్ర జంట వచ్చింది. వారం రోజులు చూసి, నేనే వెళ్లి తలుపు తట్టాను. అరటిపండు కేకు చేసి పట్టుకెళ్లాను. గుమ్మంలోనే నిలబడి మాట్లాడారు. మంచివాళ్లే. ఆ కొత్త అమ్మాయి నా పేరు రెండుసార్లు పలికి చూసి, తప్పు పలికినందుకు సారీ చెప్పింది. వాళ్ల వెనక హాల్లో ఇంకా విప్పని అట్టపెట్టెలు కనిపిస్తున్నాయి. ఏదైనా అవసరమైతే చెప్పమని వాళ్లూ అన్నారు, నేనూ అన్నాను. ఖాళీ పళ్లెం తర్వాత తెచ్చిస్తామన్నారు. తొందరేం లేదని చెప్పి వచ్చేశాను.